బెల్లం కాటా మీద లోకాయతం

జబ్బు తగ్గింది. తగ్గిందని వైద్యులు చెప్పారు, అది విన్న మాట. కళాశాలలో రెండో అంతస్తులో ఉన్న ప్రయోగశాలకు మెట్ల మధ్య ఆగకుండా ఎక్కాను, అది నాకు ప్రత్యక్షంగా తెలిసిన మాట. ఈ రెండూ ఒకటి కావని ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠం చెబుతున్నదాన్ని. ఇక్కడ కూడా చూసినది, విన్నది, ఊహించినది వేరువేరుగా ఉంచడానికి ప్రయత్నిస్తాను. వాటిని కలిపేసుకున్నందువల్లే నేను ప్రమాదంలో పడ్డాను. క్షయ నన్ను చావు వైపు ఎంత దూరం నడిపించిందో, నా సొంత తర్కం అంతకంటే నాలుగడుగులు ఎక్కువే నడిపించింది.

ఛాతీ జబ్బుల విభాగం ముందు బెంచీల మీద కూర్చుని, తలుపు వెనుక తమవాళ్ళతో డాక్టరు ఏం చెబుతున్నాడో పోల్చుకోవడానికి ప్రయత్నిస్తూ ఉండేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వాళ్ళకంటే ముందు నాకోసం రాసుకుంటున్నాను.

1979, జూన్ నుంచి ఆగస్టు దాకా

చిత్తూరులో మాది బెల్లం మండీ. ముందు వైపు అంగడి, వెనుక వైపు ఇల్లు. నా భర్త చెంగల్రాయుడు, ఆయన తండ్రి, తాత అందరూ బెల్లం వర్తకులే. ఆ ఇంటికి నేను రసాయనశాస్త్రం చదివిన కోడలిగా వచ్చాను. ఒక ద్రావణం ఆమ్లమని ఎవరైనా చెబితే లిట్మస్ కాగితం ముంచి చూసేదాకా ఒప్పుకోకపోవడం నా వృత్తిలో గుణం, మా ఇంట్లో దోషం. పప్పులో ఉప్పు సరిపోయిందని మా అత్త రుక్మిణమ్మ చెబితే కూడా నేను రుచి చూస్తానని ఆమె బంధువులందరికీ చెప్పుకుంది.

తిరుపతిలో అధ్యాపకులు కొందరు నెలకోసారి ఒక హాలులో చేరి ఏదో ఒక విషయం మీద ప్రసంగాలు పెట్టుకునేవారు. ఆ ఏడాది డిసెంబరు సభ నా వంతుకు వచ్చింది. మన దేశంలో ప్రాచీనకాలంలో ఉండిన భౌతికవాదుల గురించి మాట్లాడతానని ఒప్పుకున్నాను. లోకాయతులనీ చార్వాకులనీ పేర్లు పడ్డవాళ్ళు. ప్రకృతిని గురించి, మనిషి సుఖాన్ని గురించి వాళ్ళు ఏమన్నారో తేల్చి చెప్పాలని నా ఉద్దేశం.

తేల్చడంలో మొదటి చిక్కు, వాళ్ళ రచనలేవీ దాదాపుగా మనకు మిగలకపోవడం. వాళ్ళను ఖండించడానికి ఇతరులు ఎత్తి చూపిన మాటల్లోనే వాళ్ళు బతికి ఉన్నారు. గిట్టనివాళ్ళ నోటి నుంచి విని ఒక మనిషి గుణం నిర్ణయించడం మా వీధిలో రోజూ జరిగేదే గాని, సాక్ష్యంగా అది బలహీనమైనది. కాబట్టి వాళ్ళు చెప్పారంటున్న వాటిలో పరీక్షకు నిలిచేవి ఏవో నేనే చూడదలిచాను. ఆకు, వక్క, సున్నం ఉపమానం అలాంటిది. ఈ మూడింటిలో దేనికీ విడిగా లేని ఎరుపు, కలిసి నలిగినప్పుడు పుడుతుంది. అలాగే మట్టి, నీరు, నిప్పు, గాలి ఒక తీరుగా కలిసి శరీరమైతే దానిలో చైతన్యం పుడుతుందనీ, శరీరం విడిపోతే అదీ ఉండదనీ వాళ్ళ వాదం.

ఒక ఆదివారం వంటింటి గడప మీద గాజు గొట్టాలు పెట్టుకుని ఆకు రసం, వక్కపొడి, సున్నపు తేట కలుపుతూ ఉంటే మా అత్త వచ్చి నిలబడింది.

"ఏందిమే, ఆకూ వక్కా తీసి గాజు గొట్టంలో ఏస్తాండావు? నోట్లో పళ్ళు లేవా?"

నేను వాదమంతా వివరించాను. ఆమె శ్రద్ధగానే వింది.

"అట్లయితే మీ మామ యాడికి పోయినాడు?" అని అడిగింది.

"యాడికీ పోలేదంటారు అత్తా వాళ్ళు. ఎరుపు ఆరిపోయినట్టు ఆరిపోయినాడంటారు."

"ఆరిపోయేదానికి ఆయనేమన్నా దీపమా? దినామూ కలలోకి వచ్చి కాఫీలో సక్కెర సాల్లేదంటాండాడు."

లోపలి నుంచి నా భర్త అందుకున్నాడు. "బెల్లంలో మత్తుండాదా? లేదు. తుమ్మచెక్కలో ఉండాదా? లేదు. రెండూ కుండలో ఊరబెడితే వస్తాది. దీన్ని కనిపెట్టేదానికి పాతకాలం పండితులు కావాల్నా? నల్లబెల్లం మూటలు మూటలుగా కొనేవాళ్ళను అడగండి, చెప్తారు."

"మీరడిగినారా ఎప్పుడైనా?"

"నేనేంటికి అడుగుతా? అడిగితే కొనరు."

అందరం నవ్వాం. నా గొట్టాల్లో తేలిందేమిటంటే, ఆకు లేకపోయినా వక్క, సున్నం రెండే చాలు, ఎరుపు వస్తుంది. పాతవాళ్ళ ఉపమానంలో ఒక వస్తువు అదనం. ఆ సంగతి సభలో చెప్పాలని ఉబలాటపడ్డాను. మా అత్త మాత్రం వెళుతూ వెళుతూ ఒక మాట అంది. "సామి లేడని సెప్పేదానికి నీకు తిరపతే దొరికిందా? కొండ కింద నిలబడుకోనా?" ఆ మాటకు నా భర్త నవ్వలేదు. అది నేను చూశాను గాని పట్టించుకోలేదు.

అప్పటికే నాకు సాయంత్రాలు ఒళ్ళు కాలేది. దగ్గు తరగతి గదిలో సుద్దపొడి వల్లనేనని సరిపెట్టుకున్నాను. రవికెలు వదులయ్యాయి. పాఠం మధ్యలో ఊపిరి కోసం ఆగవలసి వచ్చి, ఆ ఆగడాన్ని పిల్లలు ఆలోచన అనుకునేలా నల్లబల్ల వైపు తిరిగేదాన్ని. చివరికి ఊళ్ళో డాక్టరు ఎక్స్‌రే తీయించి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఆయన చూపు చిత్రం మీది నుంచి నా మీదకు రాలేదు, నా భర్త మీదకు పోయింది. ఇద్దరూ లోపలి గదిలోకి వెళ్ళారు. తలుపు సందులోంచి నాకు ఒకే ఒక మాట వినిపించింది. "గడ్డ."

వేలూరు తీసుకెళ్ళమన్నారు. మా ప్రాంతంలో అది అందరికీ తెలిసిన వాక్యం. జబ్బు పెద్దదని దాని అర్థం, విన్నవాళ్ళు ఇంకేమీ అడగరు.

వేలూరు ఆసుపత్రి వరండాలో తమిళం, తెలుగు, నాకు తెలియని ఉత్తరాది భాషలు కలిసి ఒకే రొదగా వినిపించేవి. దగ్గుకు మాత్రం భాష లేదు. నా పక్కన గుడియాత్తం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కూర్చుంది. కూర్చోలేక నేను ఒరుగుతూ ఉంటే లేచి నిలబడి, తన చోటు కూడా నాకిచ్చింది. "పండుకోమా. నీ పేరు పిలిస్తే నేను లేపుతా," అంది వచ్చీరాని తెలుగులో. తన మోకాళ్ళు పట్టుకుంటూ చాలాసేపు నిలబడే ఉంది. నాకేం జబ్బని అడగని మనిషి ఆ రోజు ఆమె ఒక్కతే. ఆమె ఫలితం ఏమైందో నాకు తెలియదు. ఇప్పటికీ అప్పుడప్పుడు తలుచుకుంటాను.

కఫం తీసుకున్నారు, ఛాతీలో చేరిన నీరు తీశారు. ఫలితానికి వారం దాటాక రమ్మన్నారు. ఆ రోజు నాకు జ్వరం ఎక్కువగా ఉండడంతో నా భర్త ఒక్కడే తెల్లవారగానే బయలుదేరాడు. రావలసిన బస్సు కంటే చాలా ఆలస్యంగా వచ్చాడు. ముఖం ఎంతోసేపు కడుక్కున్నాడు. అయినా కళ్ళ ఎరుపు పోలేదు.

"టి.బి. అంట. మందులుండాయి. ఏడాదిన్నర మింగాల, మొదట్లో సూదులు ఏయించుకోవాల. పోతుందన్నారు," అన్నాడు గోడ వైపు చూస్తూ.

"కాగితం ఏదీ?"

"ఆసుపత్రిలోనే పెట్టుకున్నారు."

"డాక్టరు ఇంకేమన్నాడు?"

"అంతే."

ఇక్కడ మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. చిత్తూరుకు కొద్ది దూరంలో కాణిపాకం ఉంది. అక్కడి వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం, మా మాటలో సత్యం, చేస్తే మనిషి బాగుపడడని ఈ జిల్లా అంతటా నమ్మకం. తూకంలో తేడా వచ్చినా, సరుకు అందిందా లేదా అని రైతుకూ వర్తకుడికీ మాటామాటా పెరిగినా, మండీలో ఎవరో ఒకరు "పద, కాణిపాకం పోదాం" అంటారు. చాలా తగువులు అక్కడికి పోకుండానే ఆ మాటతో తెగిపోతాయి. వెనక్కి తగ్గినవాడిదే తప్పు. ఈ పద్ధతిని నేను ఏళ్ళ తరబడి వెక్కిరించాను. పనిచేస్తున్నది దేవుడు కాదు, భయం అని భోజనాల దగ్గర వాదించాను.

ఆ సాయంత్రం మంచంలో లేచి కూర్చుని ఆయనతో ఇలా అన్నాను: "నాకు తెలియకుండా ఏదీ దాచలేదని కాణిపాకం సామి మీద సత్యం చేసి చెప్పండి."

ఆకుకు సున్నం రాస్తున్న ఆయన వేలు ఆగిపోయింది.

"ఒంట్లో బాగలేని మనిషివి. గమ్మున పడుకో," అన్నాడు. ఆకు మడవకుండానే పెట్టెలో పడేసి బయటికి వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు, అక్టోబరు

నా తర్కం ఇది. ఆయన అబద్ధపు సత్యం చేయని మనిషి. నేను అడిగిన సత్యం చేయలేదు. కాబట్టి దాచినది ఉంది. దాచదగినంత పెద్దది, కిటికీ వెలుతురులో ఊరి డాక్టరు చూసిన గడ్డ తప్ప మరేమీ లేదు. కాబట్టి నాది కాన్సర్. టి.బి. అన్నది నన్ను ఊరడించడానికి కల్పించిన కథ, బిళ్ళలు ఆ కథలోని సామగ్రి. ఒక మెట్టు మీద ఒక మెట్టు ఎంత చక్కగా అమరాయంటే, వాటి మీద నిలబడి నేను నా చావును స్పష్టంగా చూడగలిగాను.

పన్నెండేళ్ళ మా కూతురు జ్యోతిని కార్వేటినగరంలో మా అమ్మ దగ్గరికి పంపేశారు. జబ్బు పిల్లకు అంటుకుంటుందని చెప్పారు. నేను మాత్రం నా చావు పిల్ల కళ్ళబడకూడదని పంపారనుకున్నాను. నా కంచం, లోటా వేరుగా పెట్టారు. ఆ వరుసలోనే మా అత్త రోజూ సాయంత్రం వచ్చి ఏమీ మాట్లాడకుండా నా తల మీద చెయ్యి పెట్టి పోయేది. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ లేని ఆ చెయ్యి నాకు ఇంకొక సాక్ష్యమైంది.

భయం ఎలా ఉంటుందో రాయాలి. అది ఎప్పుడూ పెద్దగా ఉండదు. పాలవాడి సైకిలు గంట విన్నప్పుడు, వచ్చే ఏడాది కూడా ఇతను ఇలాగే గంట కొడతాడు గదా అనిపిస్తుంది. అంతే. ఆ చిన్న ఆలోచనకు కాళ్ళు చల్లబడతాయి.

ఆ రోజుల్లో లోకాయతులే నాకు తోడు. ప్రసంగం ఇవ్వబోనని నిశ్చయమైనా చదవడం మానలేదు. వాళ్ళు ప్రకృతిని చూసిన తీరు నాకు వింతగా ఊరటనిచ్చింది. దేని గుణం దానికి సహజం అంటారు వాళ్ళు, ఎవరో పూనుకుని పెట్టింది కాదు. మా చిత్తూరు నేలలోనే చెరుకు తీపవుతుంది, అదే గట్టు మీద వేప చేదవుతుంది. చెరుకు పుణ్యం చేసుకోలేదు, వేప పాపం చేయలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళు "ఏ జన్మలో ఏం చేసుకుందో" అని గొణుగుతూ ఉంటే, నా జబ్బుకు కారణం ఉంది గాని ఉద్దేశం లేదు అని నాలో నేను చెప్పుకునేదాన్ని. నన్ను ఎవరూ శిక్షించడం లేదు. నమ్మకం లేని మనిషికి కూడా ఈ మాట అవసరం పడుతుందని అప్పుడే తెలిసింది.

సుఖం గురించి వాళ్ళన్నారని చెప్పే మాట కూడా పట్టుకున్నాను. సుఖం ఎప్పుడూ దుఃఖంతో కలిసే దొరుకుతుంది, ఊక ఉందని వడ్లు పారేస్తారా అని. సీతాఫలాల కాలం. నా భర్త పొద్దున్నే బజారుకు పోయి పగలడానికి సిద్ధంగా ఉన్న పండ్లు ఏరి తెచ్చేవాడు. గింజలు ఒక్కొక్కటే ఉమ్ముతూ తింటూ, ఈ రుచి నిజం, ఇందులో సందేహం లేదు అనుకునేదాన్ని.

వారానికోసారి ఆయన నన్ను మండీలోకి నడిపించి, బెల్లం మూటలు తూచే కాటా మీద నిలబెట్టేవాడు. "అచ్చు బెల్లం కంటే తేలిగ్గా ఉండావు గాని, పోయిన వారం మీద ఎక్కినావు," అని మురిసిపోయేవాడు. నిజంగానే ఎక్కాను. జ్వరం కూడా దిగింది. చూసినదాన్నే నమ్ముతానని చెప్పుకునే నేను ఆ కాటా ముల్లును కళ్ళారా చూసి కూడా నమ్మలేదు. ఒంట్లో నీరు చేరి బరువు పెరిగిందనుకున్నాను. జ్వరం దిగడం ఆరిపోయే దీపం వెలుగనుకున్నాను. నాకు కావలసిన ముగింపు ముందే ఉంది, ప్రతి కొత్త సంగతినీ దాని కిందికి తోసేశాను. ఇదే పని ప్రయోగశాలలో ఒక విద్యార్థి చేస్తే రికార్డు మీద ఎర్రగీత గీసేదాన్ని.

సూదులకు చెవుల్లో హోరు, నడిస్తే తూలు. బిళ్ళలు మింగితే రోజంతా వికారం. కథలోని సామగ్రి కోసం ఇంత బాధ ఎందుకు, మిగిలిన నాళ్ళు నోటికి రుచి ఉండేలా బతకడమే సుఖం కదా అనిపించింది. అక్టోబరు చివర సూదులు అయిపోగానే బిళ్ళలు మింగడం మానేశాను. పొద్దున అత్త ఇచ్చిన నీళ్ళతో నోట్లో వేసుకుని, పెరట్లోకి పోయి తూములో ఉమ్మేసేదాన్ని. ఊకతోపాటు వడ్లు కూడా పారేస్తున్నానని నాకు తెలియదు.

నవంబరు

మండీకి సెలవైన ఒక పొద్దున ఆయన మళ్ళీ కాటా మీద నిలబెట్టాడు. రాళ్ళు మార్చాడు, మళ్ళీ మార్చాడు.

"తగ్గినావే! ఏంటికి?"

"తగ్గాల్సిందే కదా."

"తగ్గేదేంది? పోయిన నెలంతా ఎక్కతా వస్తివి. రాత్రి మళ్ళీ దగ్గినావు గూడా."

"ఇంక ఈ నాటకం చాలండీ. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"నాది టి.బి. కాదు. కాన్సర్."

ఆయన చేతిలో తూకపురాయి అలాగే ఉండిపోయింది. "ఎవురు చెప్పినారు నీకు?"

"మీరే."

"నేనా? నేనెప్పుడు చెప్పినా?"

"దాచిందేమీ లేదని సత్యం చేయమంటే చేయలేదు కదా."

ఆయన అక్కడే ఒక బెల్లం మూట మీద కూలబడ్డాడు. మొదట నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. "నీ చదువు తగలెయ్య! ఇన్నాళ్ళూ ఇదా నీ మనసులో ఉండేది?" అన్నాడు.

తర్వాత చెప్పాడు. ఫలితం రోజున ఆయన నేరుగా వేలూరు పోలేదు. ఎదురు దిక్కు బస్సెక్కి ముందు కాణిపాకం పోయాడు. ఆలస్యం అందుకే.

"సామీ, ఆ గడ్డ మాత్రం కాకుండా చూడు. ఆమె తిరపతిలో ఆ మాటలు మాట్లాడదు, నేను మాట్లాడనియ్యను అని మొక్కినా. డాక్టరు టి.బి. అన్నాడు. వేలూరు బస్టాండులో నిలబడుకోని ఏడిసినా, సంతోషానికి. ఇంగ నా మొక్కు నీకు చెప్పాల. చెప్తే నువ్వు ఊరుకుంటావా? ఒంట్లో బాగలేని మనిషితో కొట్లాట ఏంటికని దాచినా. ఏదీ దాచలేదని సత్యం చేయమంటివి. దాచుకోని ఉంటిని కదా, ఎట్ల చేసేది?"

పొగను చూసి నిప్పుందని చెప్పేవాణ్ణి లోకాయతులు ఆపి ప్రశ్నిస్తారు: ఎప్పుడూ, అన్ని చోట్లా అంతేనని నువ్వు చూశావా అని. ఆ ప్రశ్నను నేను ప్రసంగం కోసం రాసుకుని ఉన్నాను. నేను చూసిన పొగ నిజమే, నిప్పూ నిజమే. అది ఏ పొయ్యిదో చూడకుండా మా ఇల్లు తగలబడుతోందనుకున్నాను. సత్యం చేయనివాడిదే తప్పు అనే మండీ సూత్రాన్ని జీవితమంతా వెక్కిరించి, నా ప్రాణం దగ్గరికి వచ్చేసరికి అక్షరాలా నమ్మాను.

"బిళ్ళలు మింగడం లేదు. ఉమ్మేస్తున్నాను," అన్నాను.

పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన నా మీద గట్టిగా అరిచాడు. నా నోరు తాకట్టు పెట్టే హక్కు మీకెవరిచ్చారని నేనూ అరిచాను, అరిచి దగ్గాను. ఆ గోలకు మా అత్త వెనుక ఇంట్లోంచి వచ్చింది. ఇద్దరి దగ్గరా చెరొక ముక్క విని సంగతి తెలుసుకుంది.

"గమ్మునుండండి ఇద్దురూ," అని, కొడుకు వైపు తిరిగింది. "ఒరే, ఒగడు వచ్చి పక్కంగడోడి బెల్లం నీకు అమ్ముతానంటే కొంటావా?"

"ఎట్ల కొంటా?"

"మరి ఆమె నోరు నీ సరుకా? సామికి ఎట్ల రాసిస్తివి? సామి మాత్రం పరాయి సరుకు తీసుకుంటాడా?"

"మాటిచ్చేసినా కదమ్మా."

"ఇచ్చింది నువ్వు. తీర్చాల్సిందీ నువ్వే. నోరే కావాలంటే నీ నోటిని ఇయ్యి." ఆమె వేలు ఆయన ఆకుల పెట్టె వైపు చూపించింది. ఆయన మొహం చూసి నాకు జాలేసింది. పొద్దున లేచింది మొదలు ఆ పెట్టె ఆయన ఒడిలోనే ఉండేది.

తర్వాత నా వైపు తిరిగింది. "నీ సంగతేందిమే? సామి మీద నమ్మకం లేదు, పోనీ. మందు మీదన్నా ఉండాల కదా. రెండిట్లో ఒగటి పట్టుకోకుండా గాల్లో యాలాడతావా?"



ఆ వారమే వేలూరు పోయాం. ఈసారి ఇద్దరం. ఇకమీదట ఏ మాటైనా నా ఎదుటే చెప్పాలని డాక్టరును అడిగాను. ఆయన ఆశ్చర్యపడలేదు, కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. జరిగింది విని మందలించాడు. మధ్యలో మానితే ఈ జబ్బు మొండికేస్తుందనీ, తర్వాత అవే మందులకు లొంగకపోవచ్చనీ చెప్పాడు. ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరి దగ్గరైనా ఆ బిళ్ళలు ఉంటే, ఈ ఒక్క వాక్యం కోసమే నేనీ రచన చేశాననుకోండి: జ్వరం దిగినా, ఒళ్ళు చేసినా, వికారం పెట్టినా, డాక్టరు చాలనేదాకా మానవద్దు.

పోయేముందు, నా జబ్బును నేను చూడవచ్చా అని అడిగాను. ప్రయోగశాలలో ఒకాయన ఆ పొద్దున నేనిచ్చిన కఫం పూసిన గాజు పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి, తన ఎత్తు పీట నాకు ఇచ్చి, నాకు కనబడేదాకా ఓపికగా మర తిప్పాడు. నీలం మీద అక్కడొకటి ఇక్కడొకటి సన్నని ఎర్రటి పుల్లలు. ఇంతేనా అనిపించింది. నెలల తరబడి నేను భయపడినదానికి ముఖం లేదు, పగ లేదు. వేప చేదైనట్టే అవి వాటి స్వభావంలో అవి ఉన్నాయి. వాటికి సరిపడని మందు ఒకటుంది. దాన్ని నేను మింగాలి.

బస్సులో నా భర్తతో, "మీరు మొక్కుకునే సమయానికి ఆసుపత్రిలో పరీక్ష అప్పటికే అయిపోయింది. ఫలితం మారే అవకాశం లేదు," అన్నాను.

"సామికి ముందేంది, యనకేంది," అన్నాడు ఆయన. మరుసటి రోజు కాణిపాకం పోయి ఆకు వదిలేసి వచ్చాడు.

ఆ తర్వాత

మళ్ళీ మొదటి నుంచి ఏడాదిన్నర. ఈ కాలం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, అదే దాని గొప్పతనం. బిళ్ళలు, వికారం, కాటా. మూడు నెలలకు కఫం శుభ్రమైంది, జ్యోతి తిరిగి వచ్చింది. నా కంచం అందరి కంచాలతో కలిసిన రోజు మా అత్త ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా చేసేసింది. తినేసి కడిగేటప్పుడు గాని నేను గమనించలేదు. ఆకు మానేసిన మొదటి నెలలో నా భర్త అందరి మీదా విసుక్కున్నాడు. తర్వాత యాలకులు నమలడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వితే పళ్ళు తెల్లగా కనబడడం ఇంట్లో అందరికీ వింత.

1981 జూలైలో, మందులు ఆపిన రెండు నెలలకు, తిరుపతిలో ఆ ప్రసంగం చేశాను. నా భర్త వచ్చాడు. నేను సామిని ఏమంటానో చూడాలని మా అత్త కూడా వచ్చి మొదటి వరసలో కూర్చుంది. కొండకు పోయే బస్సుల్లోంచి గోవింద నామాలు కిటికీలోంచి వినబడుతూనే ఉన్నాయి. లోకాయతుల గురించి మనకు తెలిసినది ఎంత తక్కువో ముందు చెప్పాను. తర్వాత ఆకు, వక్క, సున్నం ఉపమానానికి వచ్చి గాజు గొట్టాలు ఎత్తి చూపించాను.

"ఎరుపు కనపళ్ళేదు మేడమ్! మాకు ప్రత్యక్షం కావల్ల!" అని వెనుక నుంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వారు. ఆ వెలుతురులో గొట్టంలోది మట్టిరంగుగానే ఉంది. అలవాటు కొద్దీ నా భర్త వైపు చూశాను. ఆయన పెదాలు బిగించి తల అడ్డంగా ఊపాడు.

మా అత్త లేచింది. కొంగు ముడిలోంచి ఆకు తీసి, తొడిమ తుంచి, సున్నం రాసి, వక్క పెట్టి, ఏ తొందరా లేకుండా నమిలింది. అంత పెద్ద సభ ఆమె దవడనే చూస్తూ కూర్చుంది. తర్వాత జనం వైపు తిరిగి నాలుక బయట పెట్టింది. మందారంలా ఉంది.

"కనపడిందా అప్పా, యనకుండే వాళ్ళకి? ఇంగ దీంట్లో తెలివి యాడ పుట్టిందో మా కోడల్ని అడగండి," అని కూర్చుంది.

చప్పట్లు ఆగడానికి కొంతసేపు పట్టింది. ఆకు లేకున్నా ఎరుపు వస్తుందన్న నా సొంత పరిశోధన ఎవరికీ పట్టలేదు. చైతన్యం గురించి అడిగినవాళ్ళకు, ఉపమానం రుజువు కాదనీ, నాకు తెలియదనీ చెప్పాను. అది చెప్పడం నాకు కష్టమనిపించలేదు.

చిత్తూరు బస్సులో మా అత్త కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నా భర్తను అడిగాను, "ఎట్లుంది ప్రసంగం?"

"ఏమో, నేను మాటలు యినలేదు."

"గంటసేపు ఎదురుగ్గా కూర్చుని యినలేదా?"

"దగ్గుతావేమోనని యింటాంటి. నువ్వు నీళ్ళు తాగేదానికి ఆగినప్పుడంతా గుండె ఆగినట్టయింది. ఒగసారి గూడా దగ్గలేదు నువ్వు."

"నిజంగానా?" అన్నాను. నేను గమనించనే లేదు.

ఆయన నా వైపు తిరిగాడు. ఈసారి నేను అడగలేదు.

"కాణిపాకం సామి మీద సత్యం. ఒగసారి గూడా దగ్గలేదు."

ఆ మాటను నేను పరీక్షించలేదు.